మూడో చక్రం: మలివయసుకు దొరికిన ఊత

వార్ధక్యం మనిషి శక్తులన్నిటినీ ఒకేసారి మూటగట్టుకుని పోదు. ఒకరికి ముందు మోకాళ్ళు మొరాయిస్తాయి, చూపు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. మరొకరి నడక నిటారుగానే ఉంటుంది, చెవులు మందగిస్తాయి. ఇంకొకరికి ఒళ్ళంతా బాగానే ఉండి జ్ఞాపకం జారిపోతూ ఉంటుంది. ఇన్ని తేడాలున్నా మన ఇళ్ళలో వెలువడే తీర్పు మాత్రం ఒక్కటే: "అబ్బా, మీకు వయసైపోయింది, ఇక బండి ముట్టుకోకండి." గేటు ముందు స్కూటరు ఒక పక్కకు ఒరిగిందన్న కారణం ఒక్కటి చాలు, ఆ సాయంత్రమే తాళంచెవి కొడుకు జేబులోకి వెళ్ళిపోతుంది. ఆనాటి నుంచి ఆ పెద్దమనిషి మస్జిదుకు వెళ్ళాలన్నా, మందుల షాపుకు వెళ్ళాలన్నా, చెల్లెలి ఇంటికి వెళ్ళి పలకరించి రావాలన్నా ఎవరో ఒకరి తీరిక కోసం ఎదురుచూడవలసిందే.

కొడుకు భయం అబద్ధం కాదు, తండ్రి బాధ కూడా అబద్ధం కాదు. ఈ రెండింటినీ గౌరవించే మార్గం ఏదైనా ఉందా అని ఆలోచించేవారికి అమెరికా, కెనడా, ఐరోపా దేశాల్లోని పెద్దవయసు వాహనదారుల అనుభవం ఎంతో నేర్పుతుంది. యవ్వనమంతా రెండు చక్రాల మోటారు సైకిలు మీద గడిపి, అరవైల్లో, డెబ్బైల్లో మూడు చక్రాల బండికి మారి, మునుపటి ఆనందాన్ని నిలుపుకున్నవారు అక్కడ ఎందరో ఉన్నారు. ఈ బండిని వాళ్ళు 'ట్రైక్' అంటారు. దాని పుట్టుపూర్వోత్తరాలనూ, అది చేయగల మేలునూ, చేయలేని పనినీ ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆగినప్పుడే అసలు కష్టం

మోటారు సైకిలు నడపడంలో కష్టం వేగంగా వెళ్ళేటప్పుడు ఉంటుందని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి బండి వేగం అందుకున్న తర్వాత తనను తానే నిలబెట్టుకుంటుంది, నడిపేవాడు దానికి దిశ చూపిస్తే చాలు. కష్టమంతా ఆగేటప్పుడే. సిగ్నల్ దగ్గర బండి నిలిచిన క్షణం నుంచి దాని బరువు నడిపేవాని కాళ్ళ మీదికి వస్తుంది. దూరప్రయాణాలకు పేరుపొందిన హోండా గోల్డ్ వింగ్ వంటి బండి బరువు సుమారు 380 కిలోలు. వెనుక భార్య, రెండు పక్కలా సామాను కూడా చేరితే ఆ మొత్తం 500 కిలోలకు దగ్గర పడుతుంది. నిటారుగా ఉన్నంతసేపు ఆ భారం తెలియదు. కాలు మోపిన చోట కాస్త ఇసుకో, చిన్న గుంటో ఉండి బండి ఒక్క జానెడు ఒరిగిందంటే ముప్పై ఏళ్ళవాడైనా ఆపడం కష్టమే. మోకీళ్ళు అరిగి, తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగినవారి మాట చెప్పనక్కరలేదు.

కాబట్టే అనుభవజ్ఞులైన వృద్ధులు నూరు కిలోమీటర్ల వేగానికి జంకరు గాని, పెట్రోలు బంకులో ఆగి మళ్ళీ బయలుదేరడానికి జంకుతారు. వృద్ధాప్యమంతా ఇంతే కదా! నడక కుదిరిన తర్వాత ఫర్వాలేదు, కూర్చున్న చోటు నుంచి లేవడం, నిలబడి ఉండడం, మళ్ళీ కూర్చోవడం ఇవే భారమవుతాయి. మూడో చక్రం తీర్చేది సరిగ్గా ఈ భారాన్నే. బండి ఆగినప్పుడు అది దానంతటదే నిలబడి ఉంటుంది. కాళ్ళు కింద పెట్టవలసిన పని లేదు, స్టాండు వేయడానికి శ్రమ పడవలసిన పని లేదు. వెనుక కూర్చున్న భార్య నింపాదిగా దిగవచ్చు, ఎక్కవచ్చు. ఇటువంటి పెద్ద బండ్లలో చాలావాటికి రివర్సు గేరు కూడా ఉండటం వల్ల ఇరుకు స్థలం నుంచి వెనక్కు నెట్టే బాధ కూడా తప్పుతుంది.

కొత్త బండి, పాత ఆలోచన

మూడు చక్రాల మోటారు బండి వృద్ధుల కోసమని ఈమధ్య కనిపెట్టినది కాదు. జర్మనీకి చెందిన కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన తొలి మోటారు వాహనానికి ఉన్నవి మూడు చక్రాలే. ఆ నమూనా బండి మీదనే ఆయన భార్య బెర్తా బెంజ్ 1888లో ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వరకు ప్రయాణించింది. మోటారు వాహన చరిత్రలో మొదటి దూరప్రయాణంగా దానిని చెప్పుకుంటారు.

అమెరికాలో హార్లీ-డేవిడ్సన్ సంస్థ 1932లో 'సర్వీకార్' అనే మూడు చక్రాల బండిని తయారుచేసింది. అది విహారానికి కాదు, పని కోసం. కార్లు బాగుచేసే షాపు నుంచి మెకానిక్ ఈ బండి మీద వినియోగదారుని ఇంటికి వెళ్ళి, దానిని కారు వెనుక తగిలించుకుని కారుతో సహా తిరిగి వచ్చేవాడు. పోలీసులు దానిమీద నెమ్మదిగా వీధుల వెంట తిరుగుతూ, గడువు దాటి నిలిపిన కార్లను పట్టుకునేవారు. మాటిమాటికీ ఆగుతూ, దిగుతూ చేసే పని కనుక వారికి ఆగినప్పుడు పడిపోని బండి అవసరమైంది. 1973 దాకా దాని తయారీ కొనసాగింది. అంటే మూడో చక్రం మొదటి నుంచీ 'ఆగడం' అనే సమస్యకు సమాధానంగానే ఉంటూ వచ్చింది. వయసు మళ్ళినవారు ఆ సమాధానాన్ని తమకు అన్వయించుకున్నారు, అంతే.

తర్వాతి దశాబ్దాల్లో అమెరికా, కెనడాల్లోని కొన్ని చిన్న సంస్థలు మామూలు మోటారు సైకిలు వెనుక భాగాన్ని విప్పి, రెండు చక్రాల ఇరుసు అమర్చి ట్రైకులుగా మార్చి ఇవ్వసాగాయి. ఇష్టమైన పాత బండిని వదులుకోలేనివారు దానినే అలా మార్పించుకునేవారు. ఈ గిరాకీ పెరగడం చూసి పెద్ద సంస్థలే రంగంలోకి దిగాయి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న పట్టణం నుంచి బి.ఆర్.పి. సంస్థ 2007లో 'కాన్-యామ్ స్పైడర్'ను తెచ్చింది. మంచు మీద నడిచే 'స్కీ-డూ' బండ్లకు పుట్టినిల్లు ఆ ఊరే. హార్లీ-డేవిడ్సన్ తన 'ట్రై గ్లైడ్'ను 2009 సంవత్సరపు నమూనాగా విడుదల చేసింది. అమెరికా మోటారు సైకిలు పరిశ్రమల మండలి 2018 నాటి సర్వేలో అక్కడి మోటారు సైకిలు యజమానుల మధ్యస్థ వయసు 50 ఏళ్ళకు చేరిందని తేలింది. అంటే యజమానుల్లో సగం మంది యాభై దాటినవారే. వారి కాళ్ళ నొప్పులు వ్యాపార సంస్థలకు కూడా పట్టించుకోదగిన విషయమయ్యాయన్న మాట.

మూడు రకాల అమరిక

ఈ బండ్లన్నీ ఒక్క తీరుగా ఉండవు. ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు ఉండేది మొదటి రకం. మన ఆటో కూడా ఈ అమరికే. ట్రై గ్లైడ్, గోల్డ్ వింగ్ నుంచి మార్చిన బండ్లు దీని కిందికి వస్తాయి. వెనుక పెద్ద సామాను పెట్టె, భార్యాభర్తలిద్దరికీ సోఫా వంటి సీట్లు ఉంటాయి. బరువు మాత్రం 500 కిలోలు దాటుతుంది, ధర కూడా 30 వేల డాలర్లకు పైమాటే.

ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉండేది రెండో రకం. స్పైడర్, దాని తమ్ముడి వంటి చిన్న బండి 'రైకర్' ఇలాంటివి. మలుపులోనో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో బండి బరువు ముందుకు, పక్కకు తూలుతుంది. ఆ వైపున రెండు చక్రాల ఊత ఉండటం వల్ల మొదటి రకం కన్నా ఇది బోల్తా పడే అవకాశం తక్కువ. పైగా మలుపులో చక్రం లేవబోతున్నట్లు కనిపెడితే ఇంజను జోరు తగ్గించి, కావలసిన చక్రానికి తానే బ్రేకు వేసే విద్యుత్ వ్యవస్థ స్పైడర్‌లో ఉంది. 2018లో వచ్చిన రైకర్‌కు గేర్లు మార్చే పని లేదు, పాదాలు పెట్టుకునే చోటునూ హ్యాండిల్‌నూ పనిముట్లు లేకుండానే మనిషి ఎత్తుకు తగినట్లు జరుపుకోవచ్చు.

మూడో రకానిది ఐరోపా సంప్రదాయం. ఇటలీకి చెందిన పియాజియో సంస్థ 2006లో తెచ్చిన 'ఎం.పి.3' స్కూటరుకు ముందు రెండు చక్రాలు దగ్గరదగ్గరగా ఉండి, మలుపులో బండితో పాటు పక్కకు వాలుతాయి. ఆగేటప్పుడు ఒక మీట నొక్కితే ఆ వాలే భాగం బిగుసుకుని బండి నిలబడిపోతుంది. పారిస్ వీధుల్లో ఉద్యోగులు దీనిని విరివిగా వాడతారు. యమహా సంస్థ 'ట్రైసిటీ', 'నికెన్' అనే బండ్లను ముందు చక్రాలు ఇలాగే వాలేలా తయారుచేసింది. రెండు చక్రాల బండి ఇచ్చే ఊగిసలాట హాయిని వదులుకోలేనివారికి ఈ రకం నచ్చుతుంది. కాని ఇది మొదటి రెండు రకాల మాదిరి అన్ని వేళలా తానే నిలబడదు, మీట ఉన్న బండిలో దానిని గుర్తుంచుకోవలసిందే.

ఆనందం ఎక్కడుంది?

కారు ఉండగా ఇంత తాపత్రయం ఎందుకని అడిగేవారుంటారు. గాలి ముఖానికి తగలడం, తడిసిన నేల వాసన, కోతకు వచ్చిన పొలాల మీదుగా సాగే దారి ఇవన్నీ అద్దాల వెనుక కూర్చున్నవానికి అందవు. అయితే పెద్దవారి ఆనందం అంతటితో ఆగదు. తన ప్రయాణాన్ని తానే నిర్ణయించుకోగలగడమే వారికి అసలైన సుఖం. ఏ దారిన వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఎవరితో మాట్లాడాలి అనేవి తన చేతిలో ఉన్నంతకాలం మనిషి తనను ముసలివానిగా భావించుకోడు.

దీనికి తోడు సాంగత్యం. పదవీ విరమణతో కార్యాలయం పోతుంది, పిల్లలు ఉద్యోగాలంటూ వెళ్ళిపోతారు, ఇల్లు నిశ్శబ్దమవుతుంది. అటువంటి వయసులో వారానికి ఒక రోజు పదిమంది కలిసి బయలుదేరి, ఎక్కడో ఆగి టీ తాగి, కష్టసుఖాలు మాట్లాడుకుని రావడం ఎంతో ఆరోగ్యం. అమెరికాలో గోల్డ్ వింగ్ యజమానులు 1977లో ఏర్పరచుకున్న సంఘం 2022లో మూతపడే దాకా వినోదం, భద్రత, విజ్ఞానం అనే మూడింటినీ తన లక్ష్యాలుగా చెప్పుకుంది. దంపతులు జంటగా పాల్గొనడం అటువంటి బృందాల్లో సర్వసాధారణం. అంతకాలం వెనుక సీటులో కూర్చున్న భార్యలు బండి పడిపోదన్న ధైర్యంతో తామే హ్యాండిల్ పట్టిన సందర్భాలూ కొల్లలు.

అయినా ఈ మార్పును అందరూ సులువుగా అంగీకరించరు. మూడో చక్రం తగిలించుకోవడం ఓటమికి గుర్తని భావించేవారు అక్కడా ఉన్నారు. తోటివారు నవ్వుతారేమోనని చాలామంది ఏళ్ళ తరబడి వాయిదా వేసి, రెండు మూడుసార్లు బండితో సహా పడిన తర్వాత గాని మనసు మార్చుకోరు. మన ఇళ్ళలో చేతికర్రనూ, చెవి మిషన్‌నూ పెద్దవారు దూరం పెట్టడం వెనుక ఉన్నది కూడా ఈ అభిమానమే. కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ చిన్నబుచ్చుకోరు. చేతికర్రనూ, మూడో చక్రాన్నీ కూడా అదే కంటితో చూడటం అలవాటు చేసుకోవాలి.

నలభై ఏళ్ళ అనుభవం ఉన్నా మళ్ళీ విద్యార్థే

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. మూడు చక్రాల బండి అంటే రెండు చక్రాల బండికి ఒక చక్రం కలిపినది కాదు, అది వేరే వాహనం. రెండు చక్రాల బండి మలుపు తిరగాలంటే ఆ వైపుకు వాలాలి. వేగంలో ఉన్నప్పుడు కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెడతాం. ఏళ్ళ తరబడి నడిపినవాని చేతులు ఈ పని తెలియకుండానే చేస్తాయి. వాలని ట్రైక్ మీద ఆ అలవాటు ప్రమాదం తెస్తుంది. కుడి హ్యాండిల్‌ను ముందుకు నెడితే అది ఎడమకు పోతుంది. దానిని కారు స్టీరింగులా తిప్పవలసిందే. మలుపులో శరీరం బయటి వైపుకు విసిరినట్లవుతుంది కనుక మలుపు రాకముందే వేగం తగ్గించాలి, ఒంటిని లోపలి వైపుకు వంచాలి.

పాదాల అలవాటు ఇంకా మొండిది. ఆగగానే కాలు కింద పెట్టడం రెండు చక్రాలవారికి రెండో స్వభావం. వెనుక రెండు చక్రాలున్న ట్రైక్ మీద అలా చేస్తే వెనుక నుంచి వచ్చే చక్రం సొంత పాదం మీదికే ఎక్కవచ్చు. గుంతల సంగతి కూడా వేరు. రెండు చక్రాల బండి ఒక్క జాడలో పోతుంది కనుక గుంతను తప్పించవచ్చు, ట్రైక్ మూడు జాడల్లో పోతుంది కనుక ఒక చక్రం తప్పించుకుంటే మరొకటి పడుతుంది. ఏటవాలులో నిలిపితే దొర్లిపోతుంది, పార్కింగ్ బ్రేకు మరువరాదు. బండి వెడల్పు కనబడదు గాని గోడకు తగిలినప్పుడు తెలుస్తుంది.

ఈ కారణాల వల్లనే అమెరికాలోని మోటారు సైకిలు భద్రతా సంస్థ మూడు చక్రాల బండ్లకు ప్రత్యేకంగా ఒక శిక్షణ కోర్సును రూపొందించింది. కాలిఫోర్నియాలో మామూలు కారు లైసెన్సుతోనే ఈ బండి నడపనిస్తారు, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు మూడు చక్రాలకు వేరుగా పరీక్ష పెడతాయి. చట్టం అడిగినా అడగకపోయినా, డెబ్బై ఏళ్ళవారు ఖాళీ మైదానంలో శంకువుల మధ్య బండి తిప్పుతూ పిల్లల్లా మళ్ళీ నేర్చుకోవడం చూడముచ్చటైన విషయం. చదువుకు వయసు అడ్డు కాదని మదరసాలో మేము చెప్పే మాట అక్కడ మైదానంలోనూ రుజువవుతోంది.

మూడో చక్రం తీర్చలేని లోటు

మూడో చక్రం కాళ్ళకు ఊతం. కళ్ళకు కాదు, చెవులకు కాదు, బుద్ధికి అంతకన్నా కాదు. శుక్లాలు ముదిరినవానికి ఎదుటి బండి దీపం కళ్ళల్లో వెలుగు చిమ్మి దారి కనబడకుండా చేస్తుంది, చక్రాలు ఎన్ని ఉన్నా ఒకటే. నిద్ర తెప్పించే మందులు, ఉన్నట్టుండి రక్తంలో చక్కెర పడిపోయే స్వభావం, తెలిసిన వీధిలోనే దారి తప్పడం ఇవి ఏ బండి నడపడానికీ పనికిరాని లక్షణాలు. చక్కెర వ్యాధి ముదిరి అరికాళ్ళలో స్పర్శ తగ్గినవారు ఇంకొక విషయం గమనించాలి. స్పైడర్ వంటి బండిలో బ్రేకు కాలితోనే వేయాలి, చేతి బ్రేకు ఉండదు. పెడలు మీద ఎంత బలం పడుతోందో పాదానికి తెలియకపోతే ఆ బండి వారికి తగదు.

కనుక ఇంట్లో వేయవలసిన ప్రశ్న "ఆయన వయసెంత?" అన్నది కాదు, "ఆయనకు తగ్గినది ఏది?" అన్నది. తగ్గినవి కాళ్ళయితే చక్రం ఇవ్వండి. తగ్గినవి కళ్ళయితే ముందు వైద్యం చేయించండి, శుక్లాల శస్త్రచికిత్సతో చూపు తిరిగి వచ్చినవారు కోకొల్లలు. తగ్గినది తెలివిడి అయితే తాళంచెవి తీసుకోక తప్పదు. అయితే తాళంచెవితో పాటు ప్రయాణం కూడా లాగేసుకోకండి. ఏ రోజు ఎవరు ఎక్కడికి తీసుకువెళ్తారో కుటుంబమంతా కూర్చుని నిర్ణయించి, ఆ మాట నిలుపుకోండి.

మన వీధుల్లో

స్పైడర్లూ ట్రై గ్లైడులూ మన గల్లీలకు సరిపోయేవి కావు, వాటి ధరలూ మనకు అందేవి కావు. కాని మూడో చక్రం మనకు కొత్తదేమీ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దివ్యాంగులకు ప్రభుత్వాలు మూడు చక్రాల మోటారు వాహనాలు పంపిణీ చేశాయి. మామూలు స్కూటరుకు వెనుక ఇరువైపులా చక్రాలు బిగించుకుని మార్కెట్టుకూ మస్జిదుకూ వచ్చే పెద్దవారిని ప్రతి పట్టణంలోనూ చూస్తూనే ఉన్నాం.

ఇటువంటి చక్రాలు బిగించేవారు వీధికొకరు ఉన్నారు. అయితే రిజిస్టరైన బండిలో మార్పు చేస్తే రవాణా శాఖ అనుమతి పొంది ఆర్.సి.లో నమోదు చేయించాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా విషయంలో చిక్కులు వస్తాయి. దివ్యాంగుల కోసం మార్చిన వాహనాలకు మోటారు వాహనాల చట్టంలో ప్రత్యేక స్థానం ఉంది, వైకల్య ధ్రువపత్రం ఉన్నవారు ముందుగా ఆ మార్గం అడిగి తెలుసుకోవాలి. పక్క చక్రాలు నేలను గట్టిగా ఆనుకుని ఉంటే, ఎగుడుదిగుడు చోట అసలు వెనుక చక్రానికి పట్టు తప్పవచ్చు. స్ప్రింగులున్న అమరికనే ఎంచుకోవాలి. పక్క చక్రాలున్న స్కూటరు వాలదు కనుక ట్రైకుకు చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి. మొదటి వారం రద్దీ లేని మైదానంలోనే సాధన చేయించాలి. హెల్మెట్ విషయంలో వయసుకు మినహాయింపు లేదు.

లైసెన్సు సంగతీ గుర్తుంచుకోవాలి. 55 ఏళ్ళు దాటిన తర్వాత ఇచ్చే లైసెన్సు 5 ఏళ్ళకే చెల్లుతుంది, ఆపైన మళ్ళీ పునరుద్ధరించుకోవాలి. 40 ఏళ్ళు దాటినవారు వైద్యుడు ఇచ్చే ఫారం 1-ఎ ధ్రువపత్రం జతచేయాలి. చాలామంది దీనిని ఒక కాగితపు తంతుగా చూసి, వైద్యుని ముఖమైనా చూడకుండా సంతకం తెచ్చుకుంటారు. అది మనల్ని మనమే మోసగించుకోవడం. ఆ రోజున నిజంగా కళ్ళూ, చెవులూ, చక్కెరా, రక్తపోటూ పరీక్ష చేయించుకుంటే తండ్రీకొడుకుల మధ్య వాదనకు తావే ఉండదు. ఎవరి మాటా నెగ్గనక్కరలేదు, పరీక్షే మాట్లాడుతుంది.

పెద్దలకు ఒక విన్నపం. పడిపోయిన సంగతి ఇంట్లో దాచకండి, దాచిన చిన్న దెబ్బ తర్వాత పెద్ద దెబ్బకు దారి తీస్తుంది. ఊతం అవసరమైనప్పుడు అడగడానికి సిగ్గుపడకండి. పిల్లలకు కూడా ఒక విన్నపం. మీ చిన్ననాడు సైకిలు వెనుక పరుగెత్తుతూ సీటు పట్టుకుని మీకు బండి నేర్పినవారు వీరే. మీరు పడతారన్న భయంతో ఆయన మీ సైకిలు దాచేయలేదు, పడకుండా వెనుక నిలిచారు. ఇప్పుడు వెనుక నిలవవలసిన వంతు మీది.